పందుల్లో యాంటీబయాటిక్ నిరోధకత మీద పరిశోధన: వైజాగ్ చుట్టుపక్కల థీసిస్ ఎలా మొదలుపెట్టాలి?

పెందుర్తి_కిరణ్:
నమస్కారమండి. గరివిడి కాలేజీలో ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. ఎం.వి.ఎస్సీ.లో (పశువైద్యంలో పీజీ) పందుల మీద, అందులోనూ మందులకు లొంగని బాక్టీరియా మీద పనిచేయాలని గట్టి కోరిక. పాలు మాన్పించిన పిల్లల్లో వచ్చే విరేచనాలు, ఈ.కోలై అంశంగా అనుకుంటున్నాను. వైజాగ్, అనకాపల్లి వైపు 10 ఫారాలు, ఒక్కోదాంట్లో 10 పిల్లల నుంచి శాంపిళ్లు తీసి డిస్క్ టెస్ట్ (బాక్టీరియా పూసిన ప్లేట్ మీద మందు బిళ్లలు పెట్టి, చుట్టూ పెరగని వలయాన్ని, అంటే జోన్‌ను కొలిచే పరీక్ష) చేస్తే రెండేళ్ల థీసిస్‌కి సరిపోతుందా? మైక్రోబయాలజీ తీసుకోవాలా, వెటర్నరీ పబ్లిక్ హెల్త్ తీసుకోవాలా? తర్వాత ఉద్యోగాలు ఎక్కడ ఉంటాయి?

ఎపి_విశాఖ:
కిరణ్, ముందు నీ లెక్క చూద్దాం. 100 పిల్లలంటే 100 శాంపిళ్ల బలం ఉండదు. ఒకే దొడ్డిలో ఒకే నీళ్లు తాగి, ఒకే సూది మందు వేయించుకున్న పిల్లల్లో బాక్టీరియా కూడా దాదాపు ఒకటే. దీన్ని డిజైన్ ఎఫెక్ట్ అంటారు: ఫారానికి తీసే పిల్లల సంఖ్యలోంచి 1 తీసేసి, ఫారం లోపలి పోలిక గుణకంతో (ఒకే ఫారం పిల్లలు ఎంత ఒకేలా ఉన్నాయో చెప్పే సంఖ్య) గుణించి, 1 కలపాలి. గుణకం 0.2 అనుకుంటే నీ పద్ధతిలో 2.8 వస్తుంది; 100ని దాంతో భాగిస్తే, 100 శాంపిళ్లు 36 శాంపిళ్లంత పనే చేస్తాయి. అదే 20 ఫారాల నుంచి 5 చొప్పున తీస్తే 1.8, అంటే 56. ల్యాబ్ ఖర్చు అంతే, తిరుగుడు మాత్రం పెరుగుతుంది. ఫారాల సంఖ్య పెంచు.

రెండోది, శాంపిల్ కంటే విలువైనది మందుల వివరం. ఏ మందు, ఎంత డోసు, ఎన్ని రోజులు, ఏ వయసులో అన్నది లేకపోతే నీ పట్టిక "ఇంత శాతం నిరోధకత" దగ్గరే ఆగిపోతుంది, ఎందుకొచ్చిందో చెప్పలేవు. చిన్న ఫారాల్లో రిజిస్టర్ ఉండదు. అందుకే మొదటిసారి వెళ్లినప్పుడే మూతున్న బకెట్ ఒకటి ఇచ్చి, వాడేసిన సీసాలు, ప్యాకెట్లు అన్నీ నెల రోజులపాటు అందులో వేయమను. నోటి మాటగా చెప్పిన దానికీ బకెట్లో దొరికిన దానికీ చాలా తేడా ఉంటుంది. దాణాలో కలిపిన మందులు కూడా అడుగు. హోటల్ మిగుళ్లు పెడుతున్నారా అన్నదీ రాసుకో.

డోసు తప్పడానికి పెద్ద కారణం బరువును కంటితో అంచనా వేయడం. పెద్ద పందులకు టేపుతో ఛాతీ చుట్టుకొలత, చెవుల మధ్య నుంచి తోక మొదలు దాకా పొడవు కొలువు. మీటర్లలో చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడవుతో, తర్వాత 69.3తో గుణిస్తే కిలోలు వస్తాయి. రెండూ ఒక్కో మీటరైతే 69 కిలోలు. అలాంటి పందిని 50 కిలోలనుకుని మందు వేస్తే పావు వంతుకు పైగా తక్కువ పడుతుంది.

పాడేరు, అరకు వైపు ఇళ్ల దగ్గర వదిలేసి పెంచే నాటు పందులను వేరే గుంపుగా పెట్టుకుంటే పోలిక బాగుంటుంది. కాకపోతే మందులు వాడటం లేదని ముందే అనుకోకు, అక్కడా అడిగి రాయి.

ఇంకొకటి, దీన్ని అసలు తేలిగ్గా తీసుకోకు. 2020 నుంచి మన దేశంలో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ (పందులను చంపే వైరస్ జబ్బు) ఉంది, దానికి మందు లేదు. ఒకే రోజు రెండు ఫారాలకు వెళ్లొద్దు. బూట్లు, కవరాల్ ఏ ఫారానివి ఆ ఫారానికే. బూటుకు అంటిన పేడ కడిగిన తర్వాతే క్రిమిసంహారకం, లేకపోతే అది పనిచేయదు. శాంపిళ్లకు బయలుదేరేముందే ఎథిక్స్ కమిటీ అనుమతి చేతిలో ఉండాలి.

అగర్‌ప్లేట్:
ల్యాబ్ వైపు నుంచి చెప్తాను. విరేచనం మొదలైన పిల్లకి మందు వేయకముందే రెక్టల్ స్వాబ్ (మలద్వారం నుంచి దూదిపుల్లతో శాంపిల్) తీయాలి. ఏమీస్ మీడియంలో (శాంపిల్‌ను ల్యాబ్ దాకా చేర్చే జెల్), ఐస్ బాక్సులో 4 డిగ్రీల దగ్గర ఉంచి, 24 గంటల్లోపు ప్లేట్ మీద గీయాలి. పేడలో ఈ.కోలై ఎప్పుడూ ఉంటుంది కాబట్టి అది దొరికిందని జబ్బుకు అదే కారణమనలేం. ఎఫ్4, ఎఫ్18 ఫింబ్రియాలకూ (పేగుకు అంటుకునే నూగు) ఎల్‌టి, ఎస్‌టి విషాల జన్యువులకూ పీసీఆర్ (జన్యువు ఉందో లేదో చూసే పరీక్ష) చేయాలి. దీన్ని వదిలేసిన థీసిస్‌కి వైవాలో మొదటి ప్రశ్న అదే.

డిస్క్ టెస్ట్‌లో ఎక్కువగా జరిగే పొరపాటు అగర్ మందం. ముల్లర్ హింటన్ అగర్ (ఈ పరీక్షకు వాడే, బాక్టీరియా పెరిగే జెల్లీ) 4 మిల్లీమీటర్లుండాలి, 90 మి.మీ. ప్లేట్‌కి సుమారు 25 మిల్లీలీటర్లు. పొదుపు చేసి 15 పోస్తే మందు పక్కలకు ఎక్కువ పాకి జోన్ పెద్దదవుతుంది, నిరోధక క్రిమి కూడా లొంగినట్టు కనిపిస్తుంది. బాక్టీరియా కలిపిన ద్రవం (సస్పెన్షన్) చిక్కదనం 0.5 మెక్‌ఫార్లాండ్ ఉండాలి. చిక్కగా ఉంటే దీనికి తిరగబడుతుంది, జోన్ చిన్నదవుతుంది. కలిపిన 15 నిమిషాల్లో పూయాలి, పూసిన 15 నిమిషాల్లో డిస్కులు పెట్టాలి, 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 18 గంటలు. వైజాగ్ గాలిలో తేమ సంగతి తెలిసిందే: ఫ్రిజ్‌లోంచి తీసిన డిస్క్ సీసా గది వేడికి వచ్చేదాకా మూత తీయొద్దు. తీస్తే డిస్కుల మీద నీరు పడుతుంది, పెన్సిలిన్ జాతి మందులు ముందుగా చెడిపోతాయి.

ప్రతి బ్యాచ్‌లో ఏటీసీసీ 25922 ఈ.కోలై (ఫలితం ముందే తెలిసిన, పరీక్ష సరిగా జరిగిందో చూసే కంట్రోల్) పెట్టు. జెంటామైసిన్ 10 మైక్రోగ్రాముల డిస్క్‌కి జోన్ 19-26 మి.మీ. మధ్య రావాలి. బయటికెళ్తే ఆ రోజు ఫలితాలు రాయకు. నోట్‌బుక్‌లో సెన్సిటివ్, రెసిస్టెంట్ అని మాత్రమే కాకుండా మిల్లీమీటర్లు రాయి. బ్రేక్‌పాయింట్లు (లొంగిందా లేదా అని తేల్చే హద్దులు) మారుతుంటాయి, మి.మీ. ఉంటే తర్వాత మళ్లీ లెక్కగట్టుకోవచ్చు.

ఇఎస్‌బిఎల్ (పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ మందులను విరిచేసే ఎంజైమ్) ఉన్న క్రిముల కోసం లీటరుకి 1 మిల్లీగ్రాము సెఫోటాక్సిమ్ కలిపిన మెకాంకీ (ఈ.కోలై లాంటి క్రిములను పెంచే అగర్) ప్లేట్ వాడు, కానీ మామూలు మెకాంకీ కూడా పక్కన ఉండాలి. మందు కలిపిన ప్లేట్ మీద పెరిగిన కాలనీలను మామూలు వాటితో కలిపి శాతం లెక్కిస్తే నిరోధకత ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. రెండూ వేర్వేరు పట్టికలు.

పెందుర్తి_కిరణ్:
చాలా థాంక్సండి. కొలిస్టిన్‌ని (మనుషులకు చివరి అస్త్రంగా దాచుకునే యాంటీబయాటిక్) 2019లోనే పశువుల వాడకంలో నిషేధించారు కదా, దాన్ని ఇంకా చూడటం అవసరమా?

అగర్‌ప్లేట్:
నిషేధించారు కాబట్టే చూడాలి. ప్లాస్మిడ్ (బాక్టీరియాలో విడిగా ఉండే డీఎన్‌ఏ వలయం) మీద ఒక బాక్టీరియా నుంచి ఇంకోదానికి దూకే ఎంసీఆర్-1 జన్యువును 2015లో మొదట చైనాలో బయటపెట్టారు, పందుల్లోనూ దొరికింది. 2017లో చైనా దాణాలో కొలిస్టిన్ ఆపేశాక పందుల్లో ఆ జన్యువు తగ్గింది. మన దగ్గర తగ్గిందో లేదో చెప్పే ఫారం స్థాయి లెక్క మంచి ప్రశ్నే. కాకపోతే కొలిస్టిన్‌కి డిస్క్ పనికిరాదు, ఆ పెద్ద అణువు అగర్‌లో సరిగా పాకదు. బ్రాత్ మైక్రోడైల్యూషన్ (ద్రవంలో మందును మెట్లుగా పలచన చేసి ఎంత మోతాదుకు క్రిమి ఆగుతుందో చూడటం) చేయాలి. పక్కన ఎంసీఆర్-1 ఉన్న ఎన్‌సీటీసీ 13846 కంట్రోల్ కూడా ఉండాలి.

ఎపి_విశాఖ:
శాఖ గురించి: క్రిమి, జన్యువు మీద మనసుంటే మైక్రోబయాలజీ. ఫారం నుంచి మాంసం దాకా, మనిషి దాకా నిరోధకత ప్రయాణాన్ని చూడాలంటే పబ్లిక్ హెల్త్. నీ ప్రశ్నకు రెండోది మేలని నా అభిప్రాయం, మైక్రోబయాలజీ నుంచి ఒకరిని సలహా కమిటీలో పెట్టుకో. విత్‌డ్రాయల్ గడువు (చివరి మందు వేశాక మాంసానికి వాడకుండా ఆగాల్సిన రోజులు) కూడా ఒక అధ్యాయం చేయొచ్చు: లేబుల్ మీద ప్రత్యేకంగా లేకపోతే మాంసానికి 28 రోజులని మన నిబంధన, బకెట్లోని సీసాలతో దాన్ని నేరుగా పోల్చవచ్చు.

ఉద్యోగాలకు ఏఎస్‌ఆర్‌బీ (వ్యవసాయ శాస్త్రవేత్తల నియామక మండలి) నెట్ రాయి, యూనివర్సిటీ అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులకు అది కావాలి. ఐసీఏఆర్‌లో (భారత వ్యవసాయ పరిశోధన మండలి) శాస్త్రవేత్త కావాలంటే ఏఆర్‌ఎస్ పరీక్ష. గువాహటి దగ్గర రాణిలోని పందుల పరిశోధన కేంద్రం, బెంగళూరు నివేది (పశువ్యాధుల సంస్థ), ఇజ్జత్‌నగర్ ఐవీఆర్‌ఐ (పశువైద్య పరిశోధన సంస్థ) చూసుకో. తిరుపతిలో పందుల సమన్వయ పరిశోధన పథకం ఉంది, ఒకసారి వెళ్లి మాట్లాడు. నిరోధకత నిఘా కోసం ఐసీఏఆర్, ఎఫ్ఏఓ (ఐరాస ఆహార, వ్యవసాయ సంస్థ) కలిసి నడిపే ఇన్ఫార్ నెట్‌వర్క్ ల్యాబుల్లో ప్రాజెక్టు పోస్టులు పడుతుంటాయి.

ఐసోలేట్లను (శాంపిళ్ల నుంచి వేరుచేసిన బాక్టీరియాను) 20 శాతం గ్లిసరాల్‌లో రెండేసి వయల్స్ చొప్పున మైనస్ 80లో దాచు, రెండూ ఒకే ఫ్రీజర్‌లో పెట్టకు. పదేపదే సబ్‌కల్చర్ చేస్తే (కొత్త ప్లేట్ మీదికి మార్చి పెంచితే) ప్లాస్మిడ్ జారిపోవచ్చు, కాబట్టి పీసీఆర్‌కీ సీక్వెన్సింగ్‌కీ మొదటి వయల్ నుంచే తీసుకో.