సమస్యాపూరణం: పిట్ట కూతకు నగరమే పెల్లగిల్లె

అక్కయ్యపాలెం మేష్టారు:
ఈ వారం తేటగీతి. సమస్య ఇదీ, దీన్నే ఆఖరి పాదం చేసి పై మూడూ మీరు రాయాలి.

"పిట్ట కూతకు నగరమే పెల్లగిల్లె"

గణాలు మళ్ళీ అడక్కండి, ఒక సూర్యుడు, ఇద్దరు ఇంద్రులు, మళ్ళీ ఇద్దరు సూర్యులు, యతి నాలుగో గణం మొదట్లో, అంటే పాదం మొదటి అక్షరానికి అక్కడ జత కుదరాలి. ప్రాస అక్కర్లేదు. ఒకటే షరతు, పద్యంలో చప్పుడు మాట ఒకటైనా ఉండాలి, గలగలో దబదబో మీ ఇష్టం, కానీ అది పీకేస్తే పద్యం కూలబడాలి. ఎందుకంటే పోయిన నెల మనాళ్ళు రాసిన కథలన్నీ చదివా, పేజీకి ఆరేసి ధడేల్‌లు, తలుపు ధడేల్, గుండె ధడేల్, ఆఖరికి మామ్మగారు పీట మీద కూచున్నా ధడేలే.

భీమిలి కుర్రాడు:
ఒమను పెట్టిన పేరంట హుద్హుదనుచు
గాజుటద్దాలు ఫెళఫెళ గలగలమని
చెట్లు వేళ్లతో పడిపోయె జీవితాన
పిట్ట కూతకు నగరమే పెల్లగిల్లె

అక్కయ్యపాలెం మేష్టారు:
ఊహ భలే పట్టావురా. హుద్హుద్ అంటే అరబ్బీలో కూకుడుగువ్వ, దాని అరుపే దాని పేరు, ఇంగ్లీషువాళ్ళ హూపో కూడా అలా పుట్టిందే. అంటే 2014 అక్టోబరు 12న మన విశాఖ నెత్తిన పడ్డ తుఫాను పేరే ఒక చప్పుడు మాట! ఒకి హుకి యతి కూడా చెల్లింది. ఇక తిట్లు. ఫెళఫెళ విరిగేది కొమ్మరా, అద్దం కాదు. గలగలమనేది చిల్లర. రెండూ తెచ్చి అద్దం నోట్లో కుక్కావు. మూడో పాదంలో "జీవితాన" ఎవరి జీవితాన? చెకి జీ కలుస్తుందని తెచ్చి పడేశావు, అంతేగా.

వాల్తేరు అక్క:
నాది చిన్నపిల్లల ఆట, నవ్వకండి.

ఆర్కె బీచిలో పసిబిడ్డ యాటలాడి
ఇసుక పట్నము గట్టగా నింతలోన
కిచకిచ విని లేచి తిరుగ కెరట మొచ్చె
పిట్ట కూతకు నగరమే పెల్లగిల్లె

జాలారిపేట చిన్నోడు:
అక్కా సూపర్, కానీ బీచిలో కిచకిచ ఏటక్కా, అక్కడ మురీ మిక్చర్ బళ్ళ కాడ కాకులే, హార్బర్ వైపెళ్తే గద్దలు. పిచ్చుకలు ఇళ్ళల్లోనే కనపట్లేదు, ఇసకలోకి ఎందుకొస్తాయి.

వాల్తేరు అక్క:
కాకి పెడితే "కావుకావు విని" అవుతుంది తమ్ముడూ, కెరటానికి యతి పోద్ది కదా.

అక్కయ్యపాలెం మేష్టారు:
వాడన్నది నిజమేనమ్మా, కానీ నేను మార్కులు కొయ్యను. ఇక్కడ కిచకిచ అలంకారం కాదు, అది వినే పిల్లాడు లేచాడు, లేచాడు కాబట్టే ఇసుక పట్నం కాపలా లేక పోయింది. చప్పుడు తీసేస్తే కథే లేదు, నేనడిగిన షరతు అదే. "మొచ్చె" గ్రామ్యం, మా గురువుగారుంటే కర్ర తీసేవారు, నేను తియ్యను.

నాదీ ఒకటి పెడుతున్నా, 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు మన రేవు మీద బాంబులేసిన సంగతి.

నలుబదియు రెండు వేసవి నాడు మింట
ఘుర్రుఘుర్రని జపనీల ఘోర ఖగము
కూయ, జనము మూటలుగట్టి కొండదాటె
పిట్ట కూతకు నగరమే పెల్లగిల్లె

జాలారిపేట చిన్నోడు:
మేష్టారూ కోపం వద్దు, ఘుర్రుఘుర్రంటే మా మావయ్య నిద్దరోతున్నాడనిపించింది. మా నాయనమ్మ అప్పుడు చిన్నపిల్ల, ఆవిడైతే "రేకు మీద శెనగలు దొర్లించినట్టు వొచ్చింది రా" అనేది, మాట పెట్టలేదు, శెనగలే పెట్టింది.

అక్కయ్యపాలెం మేష్టారు:
ఓడిపోయాను. ఘో కోసం ఘుర్రు తెచ్చా, భీమిలోడి జీవితానకీ నా ఘుర్రుకీ తేడా ఏం లేదు.

భీమిలి కుర్రాడు:
మేష్టారూ నాకో డౌటు. నేను హుద్హుద్ మీద కథ రాశాను, గాలి వచ్చే చోట "ఫెళ్! భళ్! ధడేల్!" అని లైనుకొకటి పెట్టాను, పత్రికవాళ్ళు తిప్పి పంపేశారు. మరి 180 కిలోమీటర్ల గాలికి ఏ మాట పెట్టాలండీ?

అక్కయ్యపాలెం మేష్టారు:
ఏదీ పెట్టకు. అంత గాలికి మాట సరిపోదు, పెట్టినకొద్దీ బొమ్మల పుస్తకంలా ఉంటుంది. ఆ రోజు తుఫాను కన్ను మన మీదుగానే పోయిందిగా, మధ్యలో కాసేపు గాలి ఆగింది, తర్వాత ఎదురు దిక్కునుంచి కొట్టింది. ఆ ఆగిన కాసేపట్లో మా మేడ మీద ట్యాంకు పైపు విరిగి నీళ్ళు మెట్ల మీద టప్... టప్... అని పడ్డం నాకింకా చెవిలో ఉంది. కథలో ఆ ఒక్క మాట ఉంచు, మిగతా మూడూ కొట్టెయ్. ఇంకోటి, మన భాషలో "టప్పున" అంటే ఒక్కసారే, అయిపోయింది. "టపటపా" అంటే ఆగకుండా సాగుతోంది. చుక్కకీ చుక్కకీ మధ్య ఎడం వినపడాలంటే రెండూ పనికిరావు, విడగొట్టి రాయాల్సిందే. తలుపు కిర్రుమంటే ఒకసారి తెరిచారని, కొత్త చెప్పులు కిర్రుకిర్రుమంటే మనిషి నడుస్తూనే ఉన్నాడని. అలాగే గలగల ఆకులకీ డబ్బులకీ, ఘల్లుఘల్లు గజ్జెలకి, ఒత్తు పెడితే బరువు మారుతుంది. మనాళ్ళు గట్టిగా వినపడాలని అన్నిటికీ ఒత్తులు తగిలిస్తారు, పెళ్ళికూతురి గాజులు కూడా ఘలఘలే.

భీమిలి కుర్రాడు:
సరే మార్చాను. మా తాతకి భీమిలి దాటాక జీడితోట ఉండేది, అదే పెట్టా.

ఒమను పెట్టిన పేరంట హుద్హుదనుచు
గాజుటద్దాలు భళ్ళున గదిని నిండ
చెట్లు వేళ్లతో పడిపోయె జీడితోట
పిట్ట కూతకు నగరమే పెల్లగిల్లె

వాల్తేరు అక్క:
జీడితోటతో నిలబడింది రా. భళ్ళున కూడా ఒక్కసారే కదా పగిలేది, సరిపోయింది.

జాలారిపేట చిన్నోడు:
మా నాయనమ్మ శెనగలు తేటగీతిలో ఎక్కట్లేదు మేష్టారూ, రెండో పాదం దగ్గర ఇంద్రుడొకడు తక్కువొస్తున్నాడు, ఆదివారం దాకా టైమివ్వండి.