సమస్యాపూరణం: రంగు లేనిదాన రంగు లాఱు

నిర్వాహకులు: కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం:

రంగు లేనిదాన రంగు లాఱు

విషయం బహుక్వార్కు కణాలు: క్వార్కులు (ప్రోటాన్ల వంటి వాటిలో ఉండే మూలకణాలు), వాటి ప్రతికణాలు కలిసి మూడుకు మించి ఉన్నవి. ఇక్కడ ‘రంగు’ కంటికి కనిపించేది కాదు, క్వార్కులను బంధించే బలానికి మూలమైన గుణం. యతి సమస్యలోనే కుదిరి ఉంది. చిక్కంతా అర్థంలో: విడిగా దొరికే కణమేదైనా వర్ణరహితమే కదా, అందులో ఆరు రంగులెక్కడివి? ‘ఆఱు’ను బండి ఱతోనే రాయండి. సంఖ్యకూ క్రియకూ అదే అక్షరం.

పూరణ 1
ఎఱుపు పచ్చ నీల మివి యెల్ల వర్ణముల్
క్వార్కుకుండ, ప్రతికి గలవు మూడు;
కలసి జంటయైన గణితంబు సేసినన్
రంగు లేనిదాన రంగు లాఱు.

వ్యాఖ్య: గణాలు సరిపోయాయి, ‘నీల మివి’లో స్వరయతి చక్కగా పడింది. లెక్క మాత్రం ఒప్పుకోలేను. క్వార్కు మూడు రంగులూ ప్రతిక్వార్కు మూడు ప్రతిరంగులూ కలిపి ఆరనడం పేర్లను లెక్కపెట్టడమే. ఈ క్వార్కు–ప్రతిక్వార్కు జంట సింగ్లెట్‌లో (రంగులు రద్దయిన వర్ణరహిత స్థితిలో) ఉండేవి మూడు పదాలు, ఒక్కోదాని గుణకం 1/√3. పైగా ఇది మామూలు జంట, బహుక్వార్కు దాకా రాలేదు.

పూరణ 2
మూడు మూడు గలియ మూడును నాఱౌను
ఆఱు ప్రతిని గూడి యాఱిపోవు
బయటఁ దెలుపు గాని భాగమ్ము వెదకినన్
రంగు లేనిదాన రంగు లాఱు.

వ్యాఖ్య: అభినందనలు! రెండు క్వార్కుల తొమ్మిది కూర్పుల్లో మూడు ప్రతిసౌష్ఠవం (క్వార్కులను తారుమారు చేస్తే గుర్తు మారేవి, త్రికం), ఆరు సౌష్ఠవం (మారనివి, షట్కం). ఆ షట్కం ప్రతిక్వార్కుల జంట షట్కంతో కలిస్తేనే సింగ్లెట్. రెండు మాటలు. ‘నాఱౌను / ఆఱు’ విసంధి. ‘నాఱగు / నాఱు ప్రతిని’ అంటే సరి. ఇక భౌతికం: షట్కం జంట తనలో తాను బిగిసి ఉండదు. ఒక గ్లువాన్ (క్వార్కుల మధ్య బలాన్ని మోసే కణం) మార్పిడిలో రంగు గుణకం, అంటే రంగుల వల్ల వచ్చే బలం కొలత, త్రికానికి −2/3, ఆకర్షణ. షట్కానికి +1/3, వికర్షణ. బిగువంతా ఎదుటి జంటతోనే: ఒక్కో క్వార్కు–ప్రతిక్వార్కు లంకెకు −5/6. త్రికం దారిలో అది −1/3 మాత్రమే. నాలుగు కణాల మధ్య ఉండే ఆరు లంకెల మొత్తం రెండు దారుల్లోనూ −8/3 రావాలి. రాకపోతే ఎక్కడో గుర్తు తప్పినట్టే.

పూరణకర్త: ధన్యవాదాలు గురువుగారూ, సవరించాను.

పూరణ 3
ఒకటి నొకటి గూడి యుండుచో దూరాన
జంట జంట నడుమ సన్ననైన
దారమొకటి చాలుఁ దగ నట్టి కూటమిన్
రంగు లేనిదాన రంగు లాఱు.

వ్యాఖ్య: ‘ఆఱు’ను క్రియ చేశారు, రంగులు ఆరిపోయాయి! 2021లో సెర్న్‌లోని ఎల్‌హెచ్‌సీబీ ప్రయోగ బృందం ప్రకటించిన టీసీసీ అనే కణం గుర్తొచ్చింది: రెండు చార్మ్ రకం క్వార్కులు, ఒక ప్రతి అప్, ఒక ప్రతి డౌన్. ద్రవ్యరాశి సుమారు 3875 ఎంఈవీ (కణాల ద్రవ్యరాశికి వాడే శక్తి కొలమానం). డీ, డీ-స్టార్ మేసాన్లు (క్వార్కు–ప్రతిక్వార్కు జంటలు) రెండింటి మొత్తానికి ఒక్క ఎంఈవీ లోపు దిగువన, అంటే బంధం అంత పలచన. సన్నని దారమన్నది అతిశయోక్తి కాదు.

మరో సభ్యుడు: ఆర్యా, పద్యం నచ్చింది. కానీ రంగులు ఆరాయంటే షట్కం పోయిందని కాదు. రెండు మేసాన్ల సింగ్లెట్–సింగ్లెట్ స్థితిని క్వార్కు జంటల భాషలో రాస్తే గుణకాలు త్రికం √(1/3), షట్కం √(2/3). వర్గం చేస్తే మూడింట రెండు పాళ్లు ఆరే! నాలుగు క్వార్కులకు స్వతంత్ర సింగ్లెట్లు రెండే. త్రికం, షట్కం ఒక ఆధారం. సింగ్లెట్, అష్టకం (క్వార్కు–ప్రతిక్వార్కు జంటకు మిగిలే ఎనిమిది రంగు కూర్పులు) ఇంకొకటి. నాలుగింటినీ వేర్వేరనుకుని ఒకే మాతృకలో పెడితే వాటి అతివ్యాప్తి నిర్ధారకం (అవి పరస్పరం స్వతంత్రమో కాదో తేల్చే సంఖ్య) సున్నా అయి లెక్క కూలుతుంది. అలాగే చార్మ్ జంట భూస్థితిలో (కనిష్ఠ శక్తి స్థితిలో) ఉంటే, ఒకే రకం క్వార్కులు రెండు ఒకే స్థితిలో ఉండరాదనే పౌలీ నియమం ప్రకారం త్రికానికి స్పిన్ (కణాల సహజ భ్రమణ గుణం) 1, షట్కానికి 0. ఈ జత తారుమారు కాకూడదు.

నిర్వాహకులు: అయితే 2, 3 పూరణలు ఒకే కణాన్ని రెండు భాషల్లో చెప్పాయి, రెండింటినీ పక్కపక్కన ఉంచుతున్నాను. మూడో పూరణలో ‘దగ నట్టి’ పాదం నింపడానికే వచ్చింది. ‘దారమొకటి చాలుఁ దగులంగఁ, గూటమిన్’ అంటే యతీ నిలుస్తుంది, దారం చేసే పనీ తెలుస్తుంది.