కాలేజీ పాయింట్లు చూసి సెంటర్‌ని ఎంచుకోవచ్చా? జాక్ ఈడీ 9వ పిక్ మీద చర్చ

గుంటూరు హూప్స్:
అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునేదే డ్రాఫ్ట్, ఒక్కో వంతు ఒక పిక్. 2024 డ్రాఫ్ట్‌లో మెంఫిస్ జట్టు 9వ పిక్‌తో పర్డ్యూ యూనివర్సిటీ సెంటర్ (రింగ్ దగ్గర ఆడే పొడుగు ఆటగాడు) జాక్ ఈడీని తీసుకుంది. 7 అడుగుల 4 అంగుళాల మనిషి, వరసగా రెండేళ్లు దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడు. అయినా అంత ముందు తీసుకోవడం తప్పని నా అభిప్రాయం. జహ్లీల్ ఒకాఫర్‌ గుర్తున్నాడా? అతనూ సెంటరే, 2015లో 3వ పిక్. మొదటి ఏడాది ఫిలడెల్ఫియాకు సగటున 17.5 పాయింట్లు వేశాడు. డిఫెన్స్ చేయలేకపోయాడు. 2017 డిసెంబర్‌లో ట్రేడ్ చేసేశారు.

లాఫాయెట్ రోజులు:
అన్నా, నేను పర్డ్యూలో ఎంఎస్ చేశాను కాబట్టి నాకు అభిమానం ఉంది, ముందే ఒప్పుకుంటాను. కానీ ఒకాఫర్‌తో పోలిక కుదరదు. 2024 కాలేజీ ఛాంపియన్‌షిప్ ఫైనల్ తీసుకోండి. యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ) మీద ఈడీ 37 పాయింట్లు, 10 రీబౌండ్లు చేశాడు, పర్డ్యూ మాత్రం 75-60తో ఓడింది. యూకాన్ అతని మీదికి రెండో మనిషిని పెద్దగా పంపలేదు. పోస్ట్‌లో, అంటే రింగ్ దగ్గర, అతన్ని పాయింట్లు వేసుకోనిచ్చి, బయట షూటర్లను కట్టేసింది. పర్డ్యూ మ్యాచ్ మొత్తంలో త్రీలు (దూరపు గీత బయట నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) 7 ప్రయత్నిస్తే పడింది ఒక్కటే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

దాన్నిబట్టి నాకు అర్థమైంది ఏమిటంటే, పోస్ట్‌లో వేసే పాయింట్ల కోసం ఎన్‌బీఏ జట్టు ఈడీని తీసుకోదు. అతను పెట్టే స్క్రీన్, అంటే డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడటం, చూడాలి. బంతి నడిపే గార్డ్ దాని వెనక నుంచి బయటికొస్తే డిఫెండర్ గోడకు గుద్దుకున్నట్టే. తర్వాత ఆఫెన్సివ్ రీబౌండ్, అంటే సొంత జట్టు షాట్ తప్పితే బంతిని మళ్లీ పట్టుకోవడం. మెంఫిస్ అప్పటికే తన సెంటర్ స్టీవెన్ ఆడమ్స్‌ని హ్యూస్టన్‌కి ఇచ్చేసింది. గార్డ్ జా మొరాంట్‌కి స్క్రీన్ పెట్టే బలమైన మనిషి కావాల్సి వచ్చింది, దొరికాడు.

మూడు సెకన్లు:
డిఫెన్స్ సంగతి వదిలేశారు. కాలేజీలో సెంటర్ రింగ్ కింద ఎంతసేపైనా నిలబడొచ్చు. ఎన్‌బీఏలో ఎవరినీ దగ్గరగా కాయకుండా పెయింట్‌లో (రింగ్ ముందున్న గడిలో) 3 సెకన్లు దాటి ఉంటే టెక్నికల్ ఫౌల్. పైగా త్రీ లైన్ ఇంకా దూరం. పిక్ అండ్ రోల్‌లో, అంటే ఎదుటి జట్టు స్క్రీన్ పెట్టి దాడి చేసేటప్పుడు, ఈడీ వెనక్కి తగ్గితే గార్డ్ తాపీగా షాట్ వేస్తాడు, ముందుకొస్తే పక్కనుంచి దాటిపోతాడు. స్కౌట్ చూడాల్సింది అతని పాదాలు.

లాఫాయెట్ రోజులు:
నిజమే. అందుకే ఏ జట్టులోకి వెళ్తున్నాడన్నది ముఖ్యం. మెంఫిస్‌లో అప్పుడు పక్కన జారెన్ జాక్సన్ జూనియర్ ఉన్నాడు, 2023లో ఉత్తమ డిఫెండర్. బయట తిరిగే పని అతను చూసుకునేవాడు. మొదటి సీజన్‌లో ఈడీ సగటు 9.2 పాయింట్లు, 8.3 రీబౌండ్లు. ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాళ్ల జాబితా అయిన ఆల్ రూకీ ఫస్ట్ టీమ్‌లో చోటు దొరికింది.

గుంటూరు హూప్స్:
తమ్ముడూ, స్క్రీన్ల విషయంలో నువ్వు చెప్పింది ఒప్పుకుంటున్నాను, నేను పాయింట్ల దగ్గరే ఆగిపోయాను. కానీ 2025 వేసవిలో ఈడీ చీలమండకు ఆపరేషన్ అయింది. అంత బరువు మోసే సెంటర్‌కి అది చిన్న విషయం కాదు. సెంటర్ గ్రెగ్ ఓడెన్ 2007లో మొదటి పిక్, మోకాళ్ల వల్ల కెరీర్ మొత్తంలో ఆడింది 105 మ్యాచ్‌లు. 9వ పిక్ సరైనదని నేను ఇంకా అనలేను.