దుప్పుల ఫొటోలకు గోనె ముసుగు: రంగు ఎట్లా పట్టించాల?

చంద్రగిరి_తోట:
అన్నా, మా మామిడితోట చివర నీళ్ళతొట్టికి సాయంత్రాలు చుక్కల దుప్పులు వస్తాండాయి. వేట కాదు, కెమెరానే. ఆకుపచ్చ గుడ్డ ఉతికి కట్టుకుని కూర్చున్నా దూరం నుంచే చెవులు నిక్కించి పోతాండాయి. గోనెతో ముసుగు చేసుకుంటే ఎన్ని సంచులు కావాల? రంగు ఎట్లా?

కరక్కాయ:
ఎండాకాలంలో మన పక్క పచ్చ ఎక్కడుంది సామీ? ఎండుగడ్డి, బూడిదరంగు బండ, ఎర్రమట్టి, ఈ మూడు రంగులు చాలు.

ఒక మనిషికి నాలుగు నార గోనెలు, ఆరడుగులకు ఐదడుగుల పాత చేపలవల. ప్లాస్టిక్ బియ్యం సంచులు వద్దు. మెరుస్తాయి, కదిలితే గరగరమంటాయి. కొత్త గోనెకు మిల్లు నూనె పట్టి ఉంటుంది, అది పోకుంటే రంగు ఎక్కదు, వాసనా పోదు. బట్టలసోడా గుప్పెడు వేసి అరగంట ఉడకబెట్టి జాడించు. అంగుళం వెడల్పు, అడుగు పొడవు పీలికలు కోసి, కిలోకు 200 గ్రాముల కరక్కాయ పొడి కలిపిన పది లీటర్ల నీళ్ళలో రాత్రంతా నానేయి.

మూడో వంతు పీలికలు అట్లే ఆరబెడితే ఎండుగడ్డి రంగు వస్తుంది. ఇంకో వంతును తుప్పు మేకులు, బెల్లం రెండు మూడు వారాలు ఊరిన నీళ్ళలో ముంచు. శ్రీకాళహస్తి కలంకారీ నలుపు పుట్టేది ఇందులోనే. నీళ్ళు పలచన చేస్తే బూడిదరంగు. పది నిమిషాల్లో తీసి బాగా జాడించాల, లేకుంటే ఇనుము నారను తినేస్తుంది, ముడి వేసేటప్పుడే పుటుక్కుమంటుంది. మిగిలినవాటికి ఎర్రమట్టి నీళ్ళు చాలు. రాలిపోతే మళ్ళీ పూయి.

ఆరిన పీలికలను వల కన్నులకు ముడి వేయి, వరసగా కట్టొద్దు. ఒకచోట గుబురుగా, ఒకచోట పలచగా ఉండాల, కొసలు పోగులు పీకేయి. భుజాలు, తల గుండ్రంగా కనపడకుండా చేయడమే అసలు పని. బీడీ మాత్రం దగ్గరికి రానీయొద్దు, ఎండిన నార భగ్గుమంటుంది.

కుంకుడు:
ఆ పచ్చగుడ్డ దేంతో ఉతికినావు? దుప్పి కంటికి ఎరుపు, నారింజ సరిగా ఆనవు, నీలం బాగా ఆనుతుంది. తెల్లదనం తెచ్చే సబ్బుపొడి గుడ్డను ఆ నీలం వెలుగులోనే మెరిపిస్తుంది. కుంకుడుకాయలే వాడు.

చంద్రగిరి_తోట:
సబ్బుపొడితోనే అన్నా! తొట్టి పక్కన ఉప్పు పెడితే ఇంకా దగ్గరికి వస్తాయంటారు, పెట్టొచ్చా?

గస్తీ_బాట:
పెట్టొద్దు. 1972 వన్యప్రాణి చట్టంలో వేట అంటే చంపడం ఒకటే కాదు, ఉచ్చు, ఎర కూడా వేటే. శేషాచలం లోపల 1989 నుంచి జాతీయ పార్కు, అనుమతి లేకుండా కాలు పెట్టేది లేదు. నీ తోటలోనే అయినా ముందే అటవీశాఖ బీట్ ఆఫీసరుకు చెప్పుకో. ఎర్రచందనం గస్తీ తిరిగే చోట ముసుగేసుకుని వల చుట్ట పట్టుకున్నోణ్ణి ఫొటోలు తీసేవాడంటే ఎవరు నమ్ముతారు?

కరక్కాయ:
ఇంకొకటి. చిటికెడు బూడిద వదిలి చూడు. అది తొట్టి వైపు పోతే ఆ పూటకు లేచి వచ్చేయి, రంగు ఎంత కుదిరినా వాసన పట్టేస్తాయి. గాలి తొట్టి నుంచి నీ వైపు రావాల. వీపు వెనక పొద గానీ గట్టు గానీ ఉండేట్టు కూర్చో, వెనక ఖాళీ ఆకాశం ఉంటే ఏ ముసుగూ పనికిరాదు. షట్టర్ శబ్దం ఆపేయి, లెన్సుకు హుడ్ తగిలించు.