మినీ పీసీ నుంచి పాత హోమ్ థియేటర్‌కి 5.1 సౌండ్ ఎలా?

మాది కూకట్‌పల్లి. హాల్లో టీవీ పక్కన చిన్న మినీ పీసీ పెట్టాను, సినిమాలన్నీ దాంట్లోనే. దానికున్నవి ఒక హెచ్‌డీఎంఐ, హెడ్‌ఫోన్ జాక్, యూఎస్‌బీలు. ఆప్టికల్ (కాంతితో డిజిటల్ ఆడియో పంపే పోర్టు) లేదు. స్పీకర్లని నడిపే పాత 5.1 (ఆరు ఛానెళ్ల) రిసీవర్‌కి హెచ్‌డీఎంఐ, ఆప్టికల్ రెండూ ఉన్నాయి.

ప్రస్తుతం హెడ్‌ఫోన్ జాక్ నుంచి ఆర్‌సీఏ వైరు వేసి నడిపిస్తున్నా. పాటలకి ఫర్వాలేదు గానీ వచ్చేది స్టీరియోనే, వెనక స్పీకర్లు మూగనోము పట్టాయి. పైగా గుయ్‌మని సన్నటి హమ్. పీసీ వైపు జాక్ పీకితే ఆగిపోతుంది, గ్రౌండ్ లూపేమో (రెండు పరికరాల ఎర్త్‌ల మధ్య కరెంటు తిరిగి వచ్చే హమ్).

హెచ్‌డీఎంఐని రిసీవర్ మీదుగా టీవీకి తీసుకెళ్తే ఆరు ఛానెళ్లూ వస్తాయి. చిక్కల్లా ఆ రిసీవర్‌ది హెచ్‌డీఎంఐ 1.4. 4కేలో 30 హెర్ట్జ్ దాటదు, మౌస్ కదిపితే ఈడ్చుకుంటూ వస్తుంది. చూడటానికే చిరాకు.

సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్) ఒక షాపాయన హెచ్‌డీఎంఐ ఆడియో ఎక్స్‌ట్రాక్టర్ (హెచ్‌డీఎంఐ నుంచి ఆడియోని విడదీసి ఆప్టికల్‌లో ఇచ్చే డబ్బా) పెట్టుకోమన్నాడు. కానీ ఆప్టికల్‌లో మామూలు పీసీఎం (కుదించని ఆడియో) రెండు ఛానెళ్లే కదా, డాల్బీ డిజిటల్, డీటీఎస్ లాంటి కుదించిన ఫార్మాట్‌లో పంపితేనే 5.1. మరి గేమ్స్ సౌండ్ మామూలుగా అలా కుదించి రాదు కదా, వాటి సంగతి? డాల్బీ డిజిటల్ లైవ్ (ఏ సౌండ్‌నైనా అప్పటికప్పుడు డాల్బీ డిజిటల్‌గా మార్చేది) ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డ్ కొనడం మేలా? ఎవరైనా ఇలాంటి సెటప్ వాడుతుంటే, ఆడియో వెనకబడకుండా పెదాలకి మాట సరిగ్గా కలుస్తోందో లేదో కూడా చెప్పండి ప్లీజ్.