అప్‌డేట్: బకాయిల కాలంలో ప్రధానోపాధ్యాయుల సంఘాన్ని నడపడం

ప్రభుత్వం నుంచి రావాల్సిన డీఏ (కరువు భత్యం) బకాయిలు, సరెండర్ లీవు (వాడుకోని సెలవులకు బదులుగా ఇచ్చే సొమ్ము) బిల్లులు నిలిచిపోయి సభ్యులు నిరాశలో ఉన్న వేళ, గుంటూరులో మా ప్రధానోపాధ్యాయుల సంఘం ధర్నాకు దిగాలా, చర్చలకు వెళ్లాలా అని ఇదివరకు అడిగాను. ముందు లెక్క తేల్చుకోమన్న సలహానే పాటించాం.

బ్రాడీపేటలో ఒక సభ్యుని ఇంట్లో కూర్చుని, ఎవరి బిల్లు ఏ దశలో ఆగిందో సీఎఫ్ఎంఎస్ (ప్రభుత్వ బిల్లుల చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ) నంబరుతో సహా రిజిస్టరులో రాసుకున్నాం. బడి సిబ్బంది జీతాల బిల్లులు పెట్టేది మేమే కాబట్టి ఆ పని కొత్త కాదు. కానీ అందరి బాకీలూ ఒకే పుటలో కనబడేసరికి, కూతురి పెళ్లికి పీఎఫ్ అడ్వాన్సు కోరినవారినీ, పదవీ విరమణ దగ్గరపడినవారినీ ముందు నిలపాలని ఎవరూ చెప్పకుండానే అందరూ ఒప్పుకున్నారు. నాకు అన్నిటికంటే ధైర్యమిచ్చింది అదే.

వేతన సవరణకు ముందు 27 శాతం మధ్యంతర భృతి అందుకుంటున్నవారికి ప్రభుత్వం 23 శాతం ఫిట్‌మెంట్ (వేతన సవరణలో మూల వేతనంపై ఇచ్చే పెంపు) మాత్రమే ప్రకటించినందుకు నిరసనగా, 2022 ఫిబ్రవరి 3న విజయవాడ బీఆర్‌టీఎస్ రోడ్డు ఉద్యోగులతో నిండిపోయింది. ఆ బలం సంఘాలన్నీ కలిసినందువల్ల వచ్చిందని నా నమ్మకం. అందుకే విడిగా ధర్నా పెట్టకుండా, ఉపాధ్యాయ సంఘాలతో కలిసి రిజిస్టరు ప్రతిని జతచేసి వినతిపత్రం ఇచ్చాం.

కొన్ని పీఎఫ్ బిల్లులు కదిలాయి. సరెండర్ లీవు సొమ్ము ఇంకా రాలేదు. ఈ ఏడాది సభ్యత్వ రుసుము సగానికి తగ్గించాం, కార్యవర్గం ప్రయాణ ఖర్చులు తామే భరిస్తున్నారు. పదో తరగతి మూల్యాంకనం ముగిశాక సర్వసభ్య సమావేశంలో తదుపరి కార్యాచరణ నిర్ణయిస్తాం.