స్లీవ్ ఆపరేషన్ అయిన మర్నాడే ఇంటికి పంపడం సబబేనా?

కరీంనగర్ అక్క: మా తమ్ముడికి వచ్చే వారం హైదరాబాదులో బరువు తగ్గించే స్లీవ్ ఆపరేషన్. మర్నాడే డిశ్చార్జి అంటున్నారు. జీర్ణాశయంలో ముప్పాతిక వంతుకు పైగా కోసి తీసేసి ఒక్క రాత్రికే పంపేస్తారా? బెడ్లు ఖాళీ చేయించే తొందర కాకపోతే ఏమిటిది?

విశ్రాంత నర్సు: తొందర కాదమ్మా. పొట్టపై చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్ ఇది. మంచానికి అతుక్కుపోతేనే ముప్పు. కాళ్లలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరవచ్చు. అందుకే ఆ సాయంత్రమే లేపి నడిపిస్తాం, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ సూది వేస్తాం, మూడు బంతుల పరికరంతో ఊపిరి పీల్పిస్తాం. భుజం నొప్పి వస్తే అందరూ గుండె అనుకుని హడలిపోతారు. చాలావరకు అది ఆపరేషన్‌లో పొట్టలోకి నింపిన గ్యాసు చేసే పని, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. అయినా డాక్టరుకు చెప్పాలి.

వరంగల్ వాసి: నడిస్తే సరిపోతుందా మేడమ్? నాకు మర్నాడంతా వికారమే. 30 మిల్లీలీటర్ల కప్పులో నీళ్లిస్తే అదీ దిగలేదు. పంపేస్తామంటే ఒప్పుకోలేదు, పోట్లాడి ఉండిపోయాను. సెలైన్ ఎక్కించారు కాబట్టి నిలబడ్డాను. నీళ్లు దిగక ఒళ్లు ఎండిపోయి మళ్లీ ఆసుపత్రిలో చేరేవాళ్లు తక్కువేమీ కాదు. అందుకే అందరినీ మూడు రోజులు ఉంచాలంటాను.

విశ్రాంత నర్సు: మీలాంటివారిని ఉంచాల్సిందే, అందులో వాదన లేదు. నేను కాదనేది అందరికీ మూడు రోజులు అనే లెక్కను. జీర్ణాశయం కుట్టు దగ్గర లీకేజీ, అంటే లోపలి ద్రవం బయటికి కారడం, చాలామందిలో ఇంటికి వెళ్లాకే, వారం పది రోజులకు కూడా బయటపడుతుంది. మూడు రోజుల కాపలా దాన్ని ఆపదు.

కరీంనగర్ అక్క: అదే కదా నా భయం! లీకేజీ ఇంట్లోనే బయటపడితే, హైదరాబాదు మాకు 160 కిలోమీటర్లు. అర్ధరాత్రి ఎవరిని పట్టుకోవాలి?

వరంగల్ వాసి: ఈ మాటకు మేడమ్ దగ్గర జవాబు ఉండదు.

విశ్రాంత నర్సు: ఉంది. హైదరాబాదులో బంధువుల ఇంట్లో వారం ఉంచండి. రాత్రిపూట ఫోను ఎత్తే డాక్టరు నంబరు చేతికి వచ్చాకే డిశ్చార్జి కాగితంపై సంతకం పెట్టండి. నాడి 120 దాటినా, జ్వరం వచ్చినా, ఆయాసం, తగ్గని కడుపునొప్పి ఉన్నా తెల్లారేదాకా ఆగవద్దు. తమ్ముడికి షుగర్ ఉందా?

కరీంనగర్ అక్క: ఉందండి, ఇన్సులిన్ కూడా.

విశ్రాంత నర్సు: అయితే మోతాదు కొత్తగా రాయించుకోండి. తిండి తగ్గాక పాత మోతాదే పొడిస్తే షుగర్ పడిపోతుంది. మంచాల గొడవకన్నా ముందు ఇది అడగండి.